పాత నాణేనికి షార్ట్ వీడియో: కదలాల్సింది లైటు

తెర మీద: ముదురు బూడిద రంగు కాగితం, దాని పైన ఒక వెండి నాణెం. లైటు ఒక్కటే ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుగుతుంది.

నాణెం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది, ఫోన్ స్టాండ్ మీద బిగించి ఉంది, నేను చేసిందల్లా ఒక చిన్న ల్యాంప్‌ని చేత్తో పట్టుకుని ఈ పక్క నుంచి ఆ పక్కకి తీసుకెళ్లడమే. ఇందాక చదునుగా ఉన్న మొహానికి ఇప్పుడు ముక్కు తేలింది, పెదాలు తేలాయి, చెవి పక్కన జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఫొటోలో నీడ ఒక్కచోటే ఆగిపోతుంది, వీడియోలో బొమ్మ మీదుగా నడుస్తుంది. పాత నాణేలకి వీడియో తీయడంలో ఉన్న లాభమంతా అక్కడే ఉంది. అది వదిలేసి నాణేన్ని గిరగిరా తిప్పి వెనక మ్యూజిక్ పెట్టేస్తే చూసేవాళ్లకి మెరుపు తప్ప ఏమీ మిగలదు.

అసలు పాత నాణేలు తయారైన పద్ధతే వేరు కదా. కింద ఒక అచ్చు, పైన ఇంకో అచ్చు, మధ్యలో లోహపు బిళ్ల, పైనుంచి సుత్తి దెబ్బ. ఈ కాలం నాణేల మీద బొమ్మ పల్చగా ఉంటుంది, దొంతర పెట్టినా నిలుస్తాయి. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి ఏథెన్స్ గుడ్లగూబ నాణెం, అదే టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మల వెండి నాణెం), అలా ఉండదు. బరువు దాదాపు 17 గ్రాములు, వెడల్పు 24 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, మంచి మందం. ఒక వైపు శిరస్త్రాణం పెట్టుకున్న గ్రీకు దేవత అథీనా, రెండో వైపు గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ రెమ్మ. అథీనా చెంప ఎంత ఉబ్బెత్తుగా ఉంటుందంటే, లైటు పక్క నుంచి వేస్తే ఆమె ముక్కు నీడ ముందున్న ఖాళీ జాగా మీద పడుతుంది.

తెర మీద: అదే నాణెం రెండుసార్లు. మొదట రింగ్ లైటుతో, తర్వాత పక్క నుంచి వచ్చే ఒక్క లైటుతో.

రింగ్ లైటు మనుషుల మొహాలకి బాగుంటుంది గానీ, నాణేలకి నేనైతే వద్దంటాను. అన్ని వైపుల నుంచీ సమానంగా వెలుతురు పడితే నీడే ఉండదు, నీడ లేకపోతే అరిగిన అక్షరం కనపడదు. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేసి ఒకే లైటు పెట్టుకోండి, దాన్ని బల్ల ఎత్తు నుంచి కాస్త పైకి, అంటే 15 నుంచి 25 డిగ్రీల కోణంలో ఉంచండి. బాగా అరిగిన నాణెమైతే ఇంకా కిందికి దించండి, ఉబ్బెత్తు ఎక్కువున్నదైతే కొంచెం పైకి లేపండి, లేకపోతే సగం మొహం చీకట్లో పడిపోతుంది. రెండో వైపు ఒక తెల్ల కాగితం ముక్క నిలబెడితే ఆ చీకటి కాస్త విచ్చుకుంటుంది.

వీడియోలో చారలు కదులుతున్నట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి, అది ఎల్ఈడీ లైటు మినుకుమినుకు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట (మన దగ్గర అంతే) షట్టర్ స్పీడ్ సెకనులో 1/50 గానీ 1/100 గానీ, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 గానీ 1/120 గానీ పెడితే సాధారణంగా పోతుంది.

ఇక ఫోన్. దగ్గరికి వెళ్లగానే చాలా ఫోన్లు వాటంతటవే మాక్రో మోడ్‌లోకి (మరీ దగ్గర నుంచి తీసే పద్ధతిలోకి) మారిపోయి అల్ట్రావైడ్ లెన్స్ వాడతాయి, అప్పుడు ఫోన్ నాణేనికి ఎంత దగ్గరికి వస్తుందంటే దాని నీడే నాణెం మీద పడుతుంది, లైటు పక్కకి జరపడానికి చోటు కూడా ఉండదు. అది ఆపేసి, ఫోన్‌ని దూరం జరిపి, రెండింతల జూమ్‌తో తీయండి. ఆ తర్వాత నాణెం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. ఈ లాక్ మర్చిపోవద్దు, ఎందుకంటే లైటు జరిగినప్పుడల్లా ఫోన్ తనకు తానే వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, మీరు కష్టపడి తెచ్చిన నీడలన్నీ దానితోనే కొట్టుకుపోతాయి. వైట్ బ్యాలెన్స్ కూడా ఒకసారి చూసుకోండి, లేకపోతే వెండి పసుపు రంగులోకి దిగిపోతుంది.

నాణేన్ని కాగితం మీద నేరుగా పెట్టకుండా, కింద దానికన్నా చిన్నదైన మెత్తటి ఎత్తు ఏదైనా పెట్టండి. కింది కాగితం ఫోకస్ బయటికి పోతుంది, నాణెం గాల్లో తేలినట్టు వస్తుంది. వెల్వెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ దాని నూగు అంతా అక్షరాల మధ్య కనిపిస్తుంది.

తెర మీద: నాణెం నిండా ఫ్రేమ్. లైటు చాలా నెమ్మదిగా తిరుగుతుంది. గుర్తుల కింద నుంచి ఒక మొహం బయటపడుతుంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. లైటు తిప్పడం ఎందుకో దీన్ని చూస్తే తెలుస్తుంది. పశ్చిమ భారతాన్ని ఏలిన శక వంశపు పశ్చిమ క్షత్రప రాజు నహపానుడి వెండి నాణెం ఇది. ఒక వైపు ఆయన మొహం, చుట్టూ గ్రీకు అక్షరాలు, రెండో వైపు బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులు. ఆయన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఈ నాణేల్ని కరిగించలేదు, వాటి మీదే తన అచ్చు కొట్టించాడు, ఒక వైపు మూడు కమానుల కొండ గుర్తు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు, అంటే నాలుగు కొసల్లో గుండ్రాలున్న కూడలి గీతలు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా నహపానుడి నాణేలు ఒకేచోట దొరికితే, వాటిలో ఎక్కువ భాగం ఇలా తిరిగి ముద్ర వేసినవే. ఫొటోలో చూస్తే ఇది గజిబిజి గీతల ముద్దలా ఉంటుంది. లైటు తిప్పండి. ఇదిగో, ఇప్పుడు కొత్త ముద్ర ఒక్కటే కనిపిస్తోంది. ఇంకాస్త తిప్పితే దాని కింద పాత రాజు ముక్కు, గడ్డం, ఇంకాస్త తిప్పితే అంచున మిగిలిన గ్రీకు అక్షరాలు రెండు. ఒక రాజ్యం పోయి ఇంకో రాజ్యం వచ్చిన సంగతి గోరంత వెండి మీద మన కళ్ల ముందే జరుగుతోంది! ఇలాంటి నాణెం మీ కలెక్షన్లో ఉంటే దానికి మ్యూజిక్ వద్దు, మీ గొంతు చాలు.

తర్వాత అంచు. నాణేల ఫొటోల్లో బొమ్మా బొరుసూ ఉంటాయి, అంచు ఉండదు. రోమన్ రిపబ్లిక్ కాలం దినారియస్‌లలో, అంటే వాళ్ల వెండి నాణేల్లో, కొన్నిటికి అంచు చుట్టూ రంపపు పళ్లలా గాట్లుంటాయి. ఏథెన్స్ నాణేల మీద లోపల వెండేనా కాదా అని ఆ రోజుల్లోనే ఉలితో కొట్టి చూసిన గాట్లు దొరుకుతాయి, అవి ఎంత లోతున్నాయో అంచు చూపిస్తేనే అర్థమవుతుంది. అచ్చులో పోసిన నకిలీలకి అంచు చుట్టూ అతుకు గీత ఉండే అవకాశం ఉంది కాబట్టి, తెలిసినవాళ్లు ముందు చూసేది కూడా అంచే.

తెర మీద: బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచులతో పట్టుకున్న నాణెం. కింద మడత పెట్టిన మెత్తటి బట్ట.

అంచు చూపించడానికి వేళ్లతో పట్టుకోవడమే నాకు నచ్చుతుంది, వేలు పక్కనుంటే నాణెం సైజు కూడా చెప్పకుండానే తెలిసిపోతుంది. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, బొమ్మ మీద వేలు పడకుండా పట్టుకోండి, కింద బట్ట తప్పనిసరి. నూలు గ్లవుజులు వేసుకుంటే జారే ప్రమాదం ఎక్కువ. నిలబెట్టడానికి జిగురు మట్టి వాడొద్దు, జిడ్డు వదులుతుంది. దయచేసి వీడియోలో మెరవాలని నాణేన్ని రుద్దకండి. వెండి మీద నెమ్మదిగా పట్టిన నలుపు, కంచు మీద గట్టిపడిన ఆకుపచ్చ పొర పోతే మళ్లీ అలాగే రావు, నాణేనికి విలువ తెచ్చేవాటిలో అవీ ఉన్నాయి. కంచు మీద పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ కనిపిస్తే మాత్రం అది జబ్బు, క్లోరైడ్ వల్ల వచ్చేది, తేమలో పెరుగుతుంది. వీడియో సంగతి తర్వాత, ముందు ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరుచేసి పొడి చోట పెట్టండి.

ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఉన్న నాణెమైతే లైటు ప్రతిబింబం అడ్డొస్తుంది, డబ్బాని కొద్దిగా వంచండి, లేదా పోలరైజర్ ఫిల్టర్ పెట్టండి. ప్లాస్టిక్ మెరుపు తగ్గుతుంది, లోహం మెరుపు అలాగే ఉంటుంది.

నిడివికొస్తే, యూట్యూబ్ షార్ట్స్‌లో 2024 అక్టోబర్ నుంచి 3 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు గానీ, ఒక నాణేనికి అర నిమిషం చాలని నా అభిప్రాయం. ఒక నాణెం, అందులో ఒక్క విశేషం. మొదటి సెకను నుంచే లైటు కదులుతూ ఉండాలి, "హాయ్ ఫ్రెండ్స్" అవసరం లేదు. నిలువు ఫ్రేమ్‌లో నాణేన్ని మధ్యకి కాస్త పైన ఉంచండి, ఎందుకంటే కింది భాగాన్ని యాప్ బటన్లు, పేరు కప్పేస్తాయి. బొమ్మ నుంచి బొరుసుకి వెళ్లేటప్పుడు తిప్పి చూపించకుండా కట్ చేసి రెండో వైపు నిటారుగా పెట్టి తీయండి. అచ్చులు చేత్తో పట్టుకుని కొట్టినవి కాబట్టి చాలా నాణేలకి రెండు వైపులూ ఒకే దిక్కులో ఉండవు, తిప్పితే గుడ్లగూబ తలకిందులుగానో అడ్డంగానో వచ్చి కూర్చుంటుంది.

కింద వివరాల్లో రాజు లేదా నగరం, కాలం, లోహం, బరువు, వెడల్పు రాయండి. నాణెం మీ చేతికి ఎలా వచ్చిందో, పాత వేలం కాగితమో బిల్లో ఉంటే ఆ సంగతీ రాయండి, సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద 1970 నాటి యునెస్కో ఒప్పందం తర్వాత ఈ ప్రశ్న అడిగేవాళ్లు పెరిగారు, అడగడం న్యాయమే. అప్‌లోడ్ చేసే ముందు ఫైల్‌లో లొకేషన్ తీసేయండి, ఫ్రేమ్‌లో కిటికీ గానీ, చిరునామా ఉన్న కవర్ గానీ, బీరువా గానీ పడిందేమో ఒకసారి సౌండ్ ఆపేసి మొదటి నుంచి చూడండి.