ఓ చావు కబురు, ఓ పుట్టినరోజు

శ్రోతలకు నమస్కారం.

నవంబర్ 16 జాతీయ పత్రికా దినోత్సవం. ఎవరో గొప్ప సంపాదకుడి జయంతి కాబోలు అనుకునేవాణ్ణి చాలాకాలం. కాదు. 1966లో ఆ రోజున ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే పత్రికల స్వేచ్ఛనూ ప్రమాణాలనూ చూసే సంస్థ, పని మొదలుపెట్టింది. ఇలాంటి సంస్థ ఉండాలని, పత్రికల తీరు చూడ్డానికి ప్రభుత్వం వేసిన మొదటి ప్రెస్ కమిషన్ 1954లోనే చెప్పింది. మనవాళ్ళకు పన్నెండేళ్ళు పట్టింది!

నవంబర్ 16 అనగానే నాకు మాత్రం ఓ జూన్ నెల గుర్తొస్తుంది. 1975 జూన్ 25 రాత్రి. ఎమర్జెన్సీ. ఢిల్లీ బహదూర్ షా జఫర్ మార్గ్‌లో పత్రికాఫీసులు వరుసగా ఉంటాయి. ఆ రాత్రి అక్కడ కరెంటు పోయింది. పోయింది కాదు, తీసేశారు. కరెంటు లేకపోతే ప్రెస్సు తిరగదు, తెల్లారితే పేపరు లేదు. ఆ వెంటనే సెన్సార్ వచ్చింది.

జూన్ 28న బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో, మరణ ప్రకటనల మధ్య, చిన్న ప్రకటన ఒకటి పడింది. పోయినాయన పేరు డి.ఇ.ఎం. ఓక్రసీ. భార్య టి. రూత్. బిడ్డ ఎల్.ఐ. బెర్టీ. తోబుట్టువులు ఫెయిత్, హోప్, జస్టీషియా. జూన్ 26న కాలం చేశారట.

పాపం, ఎవరో అనుకుంటాం కదా? ఇప్పుడు ఆ ఇనిషియల్స్‌ను పేరుతో కలిపి పలకండి. డెమోక్రసీ. ట్రూత్. లిబర్టీ. ప్రజాస్వామ్యం పోయింది, సత్యానికి భర్త లేడు, స్వేచ్ఛకు తండ్రి లేడు! సెన్సార్ కళ్ళన్నీ వార్తల మీద, సంపాదకీయాల మీద. చావు కబుర్లు ఎవరు చూస్తారు? అది ఇచ్చినాయన కూడా జర్నలిస్టే. ఆ చమత్కారం కంటితో చూస్తే దొరకదు, చెవికే దొరుకుతుంది. అందుకే ఈ ముచ్చట రేడియోలో చెప్పడం నాకిష్టం.

ఇంతకీ ప్రెస్ కౌన్సిల్ ఏమైంది? ఆ ఎమర్జెన్సీలోనే, 1976 జనవరి 1 నుంచి దాన్నీ రద్దు చేశారు. 1978లో కొత్త చట్టం వచ్చింది, 1979లో కౌన్సిల్ మళ్ళీ వచ్చింది. చచ్చి బతికిన సంస్థ అన్నమాట. అయినా పండగ మాత్రం మొదటి పుట్టినరోజుకే చేస్తున్నాం.

కౌన్సిల్‌కు కోరల్లేవని కొందరి విసుగు. నిజమే, జరిమానా వెయ్యలేదు, జైలుకు పంపలేదు. హెచ్చరించగలదు, మందలించగలదు, ఖండించగలదు. ఆ కరెంటు తీసేసిన రాత్రి తలుచుకుంటే, కోరలు లేకపోవడమే నయమేమో అనిపిస్తుంది నాకు.

ఒక్కటి మాత్రం రాసిపెట్టుకోండి. మీ గురించి పేపర్లో తప్పు పడితే, ముందు ఎడిటర్‌కు ఉత్తరం రాయాలి. ముందు ఎడిటర్‌కే. కాపీ దాచుకోవాలి. అక్కడ పని జరక్కపోతే అప్పుడు కౌన్సిల్. దినపత్రిక, వారపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల లోపు, మిగతావాటికి నాలుగు నెలల లోపు రాయాలి. పేపర్ కటింగూ, ఎడిటర్‌కు రాసిన ఉత్తరం కాపీ రెండూ జత చెయ్యండి. టీవీ వార్తల మీద మాత్రం అక్కడికి రాయకండి, అవి ఆ కౌన్సిల్ పరిధిలోకి రావు.