మా ఊరి పీర్ల పండగ: చందా పుస్తకం నా చేతికొచ్చింది

అందరికీ నమస్కారం. డల్లాస్‌లో మా వంటిల్లు చూసీ చూసీ మీకు విసుగొచ్చి ఉంటుంది. ఈసారి వీడియో అంతా అనంతపురం జిల్లాలో, నార్పల వైపున్న మా ఊళ్లోనే. గాలి శబ్దం బాగా వినిపిస్తుంది, ముందే చెప్తున్నా. ఆషాఢంలో అనంతపురం గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మైకుకి బొచ్చు తొడుగు వేశాను, దానిమీద చున్నీ కూడా చుట్టాను, అయినా లాభం లేదు. కొన్నిచోట్ల ఇంట్లో కూర్చుని మళ్లీ మాట్లాడి కలిపాను. పెదాలు ఒకచోట, మాట ఇంకోచోట ఉంటే సర్దుకోండి.

పీర్ల పండగకి ఊరికి పోతున్నానంటే డల్లాస్‌లో కోస్తా ఫ్రెండ్స్ "అది మొహర్రం కదా, మీరెందుకు చేస్తారు?" అన్నారు. మా దగ్గర ఈ ప్రశ్న ఎవరికీ రాదు. మా ఊళ్లో రోడ్డు మీద నిలబడి "కుళ్లాయప్పా" అని కేకేస్తే నలుగురైదుగురు తిరిగి చూస్తారు. వాళ్లలో హిందువెవరో ముస్లిమెవరో పేరుని బట్టి చెప్పలేం. అందరూ గూగూడులో పీరుగా కొలిచే కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే పుట్టినవాళ్లే.

కథ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. క్రీ.శ. 680లో కర్బలా దగ్గర మహమ్మద్ ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్‌ని, ఆయన వెంట ఉన్నవాళ్లని చంపేశారు. వాళ్ల గుర్తుగా నిలబెట్టేవే పీర్లు. ఇత్తడివి, వెండివి ఉంటాయి, కొన్ని అరచేతి ఆకారంలో ఉంటాయి. పొడుగాటి కర్రలకి తగిలించి, దట్టీలు, అంటే గుడ్డలు, కట్టి, చావిట్లో నిలబెడతారు. మా జేజికి, అంటే నాయనమ్మకి, కర్బలా ఎక్కడుందో తెలీదు. "నీళ్లు గూడా ఇయ్యకుండా సంపినారంట, పసిపిల్లోల్ని గూడా" అంటుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత తక్కువ వాన పడేది మా జిల్లాలోనే అని చిన్నప్పుడు స్కూల్లో చదువుకున్నాం. అలాంటి చోట బతికిన మనిషికి ఆ కథలో నీళ్ల మాట ఒక్కటే పట్టుకుంది.

2025లో ఒక విశేషం ఉంది. జూలై 6, ఆదివారం. పీర్ల పండగ, తొలి ఏకాదశి రెండూ ఆ రోజే. 2024లో కూడా జూలై 17న రెండూ కలిసే వచ్చాయి. పీర్లది మొహర్రం నెలపొడుపు నుంచి పదో రోజు, అంటే ఆషూరా, మనది శుద్ధ ఏకాదశి, కాబట్టి ఆ నెల ఆషాఢంతో కలిసొస్తే రెండూ ఒకచోట పడతాయి. మా ఇంట్లో జేజికి ఏకాదశి ఉపవాసం, పీర్లని చూసుకునే పక్కింటి ముజావర్ మామకి ఆషూరా ఉపవాసం. పొద్దున్నే ఇద్దరూ అరుగుల మీద కూర్చుని, ఉగ్గాని బజ్జి తింటున్న నన్ను చూసి ఒకటే నవ్వు.

ఇక నా పని సంగతి. ఊళ్లో అడుగుపెట్టీ పెట్టగానే చిన్నాయన ఒక నోటు పుస్తకం నా చేతిలో పెట్టాడు. "అమెరికాలో కంపెనీ లెక్కలు చూస్తావంట కదమ్మా, ఈ లెక్క గూడా నువ్వే చూడు" అన్నాడు. అది చందా పుస్తకం. మా ఊరివాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో బెంగళూరు వాళ్లు, హైదరాబాద్ వాళ్లు, అమెరికా వాళ్లు, కువైట్ వాళ్లు అందరూ ఉంటారు. డబ్బు ముందుగా ఎవరు వేశారో తెలుసా? కువైట్ వాళ్లు. డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే అక్కలు, ఎండలో కట్టడం పనిచేసేవాళ్లు. జీతం పడిన రోజే పంపేశారు. అమెరికా వాళ్లం మాత్రం ముందు గ్రూపులో చర్చ పెట్టుకున్నాం. ఫ్లెక్సీ ఎక్కడ కడతారు, అందులో ఫొటోలు ఏ వరసలో వస్తాయి, డీజే ఉంటుందా, డ్రోన్ తీసేవాడు దొరుకుతాడా. ఫ్లెక్సీ డిజైన్ వచ్చాక చూస్తే పీరు మూలకి బిస్కెట్ అంత ఉంది, మా పెదనాన్న కొడుకు కూలింగ్ గ్లాసులతో నడిమధ్యలో ఉన్నాడు. వాడు ఈ వీడియో చూస్తాడని తెలిసే చెప్తున్నా.

ఈ పండగలో ఒక పద్ధతి ఉంది, నాకు మొదట్లో అర్థం కాలేదు. ఎవరెంత ఇచ్చారని ఎవరూ అడగరు. "రాత్రికి నీ పనేంది?" అని అడుగుతారు. నిప్పుల గుండం తవ్వేది ఒక ఇంటివాళ్లు. నెలపొడుపు కనపడగానే మొదటి గడ్డపార పోటు వాళ్లే వెయ్యాలి. కట్టెలు తెచ్చేది ఒకరు, దివిటీలు పట్టేది ఒకరు, ఫాతెహా అనే ప్రార్థన చదివేది ముజావర్ మామ. ఒక్కో పీరుని ఎత్తుకునేది ఒక్కో ఇంటివాళ్లు, వాళ్లలో ఎక్కువమంది హిందువులే. పని లేనివాడు ఎంత పెద్ద మనిషైనా తాడుకి ఇవతల నిలబడి చూడాల్సిందే.

ఇదంతా విని ఎంత బాగుందో అనుకోకండి. ఇందులో కులం లెక్క కూడా ఉంది, దాచి చెప్పను. రాత్రంతా తప్పెట కొట్టేవాళ్లు లేకపోతే గుండం చుట్టూ ఒక్క అడుగు పడదు. కానీ పుస్తకంలో పాత పేజీలు తిప్పితే వాళ్ల కూలి ప్రతి ఏడూ చివరి వరసలోనే ఉంది. అన్నీ కట్టాక మిగిలితే ఇచ్చేది అన్నమాట. రెండేళ్లు బాకీ పెట్టి తర్వాత ఇచ్చినట్టు కూడా రాసుంది. అందుకే ఈసారి మొదటి పేజీలో మొదటి వరస తప్పెట వాళ్లకే రాశాను. పండగకి ముందే, పోయినేటి కంటే ఎక్కువే, చేతికి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను. ఇద్దరు పెద్దమనుషులు మొహం చిట్లించారు. "ముందే ఇస్తే తాగి పండుకుంటారు" అన్నారు. ఎవరూ పండుకోలేదు. డీజే వాళ్లకి మాత్రం అడ్వాన్సు ఇచ్చేశారు, ఆపడం నా వల్ల కాలేదు. అన్నదానం షామియానా దగ్గర పెట్టుకోండి, గుండం దగ్గరికి రావద్దని ముజావర్ మామ ఒక్క మాట అన్నాడు. దాంతో అది తేలిపోయింది.

ఇప్పుడు మీకు ఖాళీ గోడ కనిపిస్తోంది కదా, వీడియో ఆగిపోలేదు. పీర్లని కడిగేటప్పుడు "దట్టీలు కట్టేదాకా కెమెరా వద్దు పాపా" అని మామ చెప్పాడు, అందుకని కెమెరాని గోడవైపు తిప్పి పెట్టాను. నేను చూసింది చెప్తాను వినండి. చెక్కపెట్టెలోంచి ఒక్కో పీరుని పాత చీర ముక్కలోంచి విప్పుతారు. ఏడాదంతా చీకట్లో ఉన్న ఇత్తడి గోధుమరంగులోకి మారిపోయి ఉంటుంది. చెక్కిన అక్షరాల సందుల్లో పోయినేటి ఊదు మసి, అంచుల్లో కొంచెం పచ్చగా కిలుం. నానబెట్టిన చింతపండులో ఉప్పు కలిపి ముజావర్ మామ ఇంట్లో అత్త బొటనవేలితో ఒక్కో అక్షరం వెంట రుద్దుతోంది. రుద్దినచోట ముందు ఎర్రగా వస్తుంది, నీళ్లు పోస్తే అప్పుడు పసుపుగా మెరుస్తుంది. ఆ నీళ్లు తొక్కేచోట పొయ్యరు, బిందెలోకి పట్టి వేపచెట్టు మొదట్లో పోస్తారు. నీళ్లందించే పని నాకిచ్చారు. అత్త మెల్లగా ఒక మాట కూడా చెప్పింది. వాళ్ల బంధువుల్లో కొన్ని ఇళ్లవాళ్లు ఇప్పుడు పీర్ల దగ్గరికి రారంట. ఉపవాసం ఉండి, నమాజు చేసుకుంటే చాలు, ఇవన్నీ మతంలో లేవంటారంట. "వాళ్ల మాట వాళ్లది. మా మామ ఎత్తిన పీరు, నేను ఎట్లా వదిలేది?" అని మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది.

మధ్యలో ఒక సాయంత్రం గూగూడు పోయొచ్చాం. నార్పల మండలమే, మాకు దగ్గర. కుళ్లాయిస్వామి పక్కనే ఆంజనేయస్వామి గుడి, జనం అక్కడా ఇక్కడా దండం పెట్టుకుంటారు. కర్ణాటక నుంచి వచ్చిన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. చేతుల్లో చక్కెర, బెల్లం పొట్లాలు, ఫాతెహా చదివించడానికి. అక్కడ జనంలో కెమెరా ఎత్తడానికి చెయ్యి కూడా పైకి రాలేదు, అందుకే ఈ ముక్క చిన్నగా ఉంది. బొరుగులు కొనుక్కుని వచ్చేశాం.

అసలైంది కత్తల్ రాత్రి, అంటే ఆషూరా ముందటి రాత్రి. ఆ రాత్రి మాకు భయం గాలి గురించే. గుండంలో నిప్పు, చుట్టూ జనం, దగ్గర్లోనే గడ్డివాములు. చిన్నాయన వాళ్లు గుండానికి పడమటి పక్క రేకులు పాతారు, గాలి అటు నుంచే కదా వచ్చేది. నీళ్ల ట్యాంకరు ఒకటి తెచ్చి పెట్టారు. వాములున్నవాళ్లు మధ్యాహ్నమే తడి గోనెసంచులు పరుచుకున్నారు. ఫ్లెక్సీ మాత్రం ముందురోజే చిరిగి తంతి స్తంభానికి తగులుకుంది. దించి, తుంపర పడుతోందని కట్టెల మీద కప్పారు. మా అన్న కూలింగ్ గ్లాసులు రాత్రి తొమ్మిది దాకా చింతమొద్దుల్ని కాపాడాయి.

తుమ్మకట్టె తొందరగా అంటుకుంటుంది, చింతమొద్దు నిప్పు నిలబెడుతుంది. అందుకని అడుగున చింత, పైన తుమ్మ పేరుస్తారు. తెల్లారుజామున మంట అణిగాక పొడుగు కర్రలకి కట్టిన పారలతో నిప్పుల్ని చదును చేస్తారు. గాలి ఒక విసురు విసిరినప్పుడల్లా బూడిద పొర లేచిపోయి కింద నిప్పు ఎర్రగా బయటపడుతుంది, మళ్లీ బూడిద కప్పుకుంటుంది. ఆడవాళ్లు ఉప్పు చల్లుతుంటే చిటపటమంటోంది. తప్పెట ఉన్నట్టుండి జోరందుకుంది. "హాసన్, హుసేన్" అని ఒకటే కేకలు.

ఆ టైంలో నా పని వేరే ఉంది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న తమ్ముడొకడున్నాడు. ఒక పీరు ఎత్తుకోవడం వాళ్లింటి వంతు. లీవు దొరకలేదు, ఈసారి వాడి తమ్ముడు ఎత్తుకున్నాడు. "అక్కా, ఫోను కొంచెం పైకి పట్టుకో, వాని కాళ్లు నాకు కనపడాల" అన్నాడు. ఇక్కడ నాలుగున్నర, అక్కడ రాత్రి రెండు. గదిలో మిగతావాళ్లు పడుకున్నారని లైటు వెయ్యలేదు, వాడి మొహం మీద ఫోను వెలుగు మాత్రమే. పీరు గుండం ముందు నిలబడింది, కొంచెం వెనక్కి పోయింది, మళ్లీ ముందుకొచ్చింది. "తొందరపడొద్దని చెప్పక్కా, బరువు కుడిపక్కకి లాగుతాది" అంటున్నాడు. ఆ గోలలో నేనెవరికి చెప్పను? పిల్లవాడు దిగాడు, నాలుగు అంగల్లో అవతలికి పోయాడు. కాళ్ల మీద బిందెలు బిందెలు నీళ్లు పోశారు. ఫోనులో చూస్తే వీడు మొహం తుడుచుకుంటున్నాడు. "నెట్‌వర్క్ బాగుందక్కా, అంతా కనపడింది" అని కాల్ పెట్టేశాడు.

నా చేతులు ఫోనుకే సరిపోయాయి కాబట్టి గుండం వీడియో మా అబ్బాయి తీశాడు. మధ్యలో ఎవరిదో భుజం, కాసేపు ఆకాశం, ఒక్కసారి వాడి చెప్పు కూడా వస్తుంది. కట్ చేయలేదు, అలాగే పెట్టేశాను.

తెల్లవారాక మలీద. రొట్టెలు చేత్తో చిదిమి, బెల్లం, నెయ్యి, కొంచెం ఏలక్కాయ వేసి ముద్దలు కడతారు. అత్తలు, చిన్నమ్మలు అందరూ ఒకే చాప మీద కూర్చున్నారు. కొలత ఎంత అని అడిగితే "చేతికి తెలుస్తాది" అన్నారు, కాబట్టి రెసిపీ అడగొద్దు. ఏకాదశి కదా, జేజి తినకూడదు. తన ముద్ద గిన్నెలో పెట్టి మూతేసి, మర్నాడు ద్వాదశి పారణకి అదే తింది. సాయంత్రం జలధి. పీర్లని ఊరంతా తిప్పి, ఏటి దగ్గర దట్టీలు విప్పి, కడిగి, మళ్లీ పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో పెట్టేశారు. వాగులో నీళ్లెక్కడివి? ట్యాంకరులో మిగిలినవే పోశారు.

మర్నాడు చావిడి ముందు లెక్క చదివి వినిపించాను. కట్టెలు, ట్యాంకరు, బెల్లం, నెయ్యి, తప్పెట, లైట్లు, అన్నదానం, అన్నీ. కొంత మిగిలింది. చావిడి పైకప్పు రేకులు మార్చాలని కొందరు, పెట్టెకి కొత్త మూత చేయిద్దామని ఇంకొందరు. గంటసేపు వాదించుకుని రేకులకే ఒప్పుకున్నారు. పుస్తకం తిరిగిచ్చేస్తుంటే చిన్నాయన తీసుకోలేదు. "అమెరికాలోనే పెట్టుకో, ఈడుంటే ఎవడో ఒకడు చేతివాటం చూపిస్తాడు" అన్నాడు. సూట్‌కేసులో ఊరగాయ పక్కన పెట్టుకుని తెచ్చాను, అట్ట మీద నూనె మరక దానిదే.

రావాలనుకునేవాళ్లకి ఒక మాట. హిజ్రీ ఏడాది మన క్యాలెండరు కంటే దాదాపు 11 రోజులు చిన్నది, అందుకే పండగ ఏటా ముందుకు జరుగుతుంది. 2026లో జూన్ 26 ప్రాంతంలో రావాలి. ఆ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి తొలి ఏకాదశి దీంతో కలవదు. అమెరికాలో పిల్లల సెలవులకి 2028 దాకా బాగా సరిపోతుంది, తర్వాత మే నెలలోకి జారిపోతుంది, అప్పుడు స్కూళ్లతో ఇబ్బందే. నెలపొడుపుని బట్టి ఒక రోజు అటూ ఇటూ అవ్వొచ్చు, తిరుగు ప్రయాణం టికెట్టు పండగ మర్నాటికే పెట్టుకోకండి. కువైట్ తమ్ముడు అప్పుడే లీవు అడిగేశాడంట, ఇంకా ఒప్పుకోలేదంట.