ఫాగింగ్ బండి కాదు, పరీక్ష చీటీ

హోస్ట్: విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక ఇంట్లో డెంగీ వచ్చిందనుకుందాం మేడమ్. వీధివాళ్లు ముందు అడిగేది ఫాగింగ్ బండి ఎప్పుడొస్తుందనే.

అతిథి: రక్త పరీక్ష ఎక్కడ చేయించారని అడగాలండీ. ప్రైవేటు ల్యాబ్‌లో కార్డు మీద ఎన్‌ఎస్1 (డెంగీ వైరస్ ప్రొటీన్) గీత పడితే అది అనుమానిత కేసే. ఎలీసా అనే ల్యాబ్ పరీక్షలో తేలితేనే ఖరారు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో, విజయవాడ పెద్దాసుపత్రిలో ఎలీసా ఉచితం. ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టే ఐజీఎం పరీక్ష కిట్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) నుంచి వస్తాయి.

హోస్ట్: జ్వరమొచ్చిన ఎన్నో రోజు వెళ్లాలి?

అతిథి: ఐదు రోజుల్లోపైతే ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. రెండో రోజే ఐజీఎం చేయించి నెగెటివ్ అని నిశ్చింతగా ఉండిపోతారు. అప్పటికి ఒంట్లో యాంటీబాడీలు తయారే కావు!

హోస్ట్: సరే, ఖరారైంది. తర్వాత?

అతిథి: చుట్టూ 50 ఇళ్లలో, ఇంటి లోపల పైరెత్రమ్ అనే దోమల మందు కొట్టాలి. 2 శాతం మందు 50 మి.లీ., కిరోసిన్ 950 మి.లీ. కలపాలి. కొట్టాక పావుగంట తలుపులు మూసి ఉంచాలి. పని చెడేది ఇక్కడే. వాసనంటూ లోపలికి రానివ్వరు, వీధిలో పొగ మాత్రం పెట్టమంటారు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమేమో మంచం కింద, పరదా వెనక కూర్చుని ఉంటుంది.

హోస్ట్: నీళ్లలో దోమ పిల్లల్ని చంపే టెమిఫాస్ మందు సంగతి?

అతిథి: 10 లీటర్ల నీళ్లకు 2.5 మి.లీ. కలిపి, నిలిచిన నీటి మీద వారానికోసారి కొడతారు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే పెట్టింది అందుకే. అయితే తొట్టి ఒంపేస్తే సరిపోదు, అంచులు పీచుతో రుద్దాలి. అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతుకుతాయి. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడండి, అవెవరికీ గుర్తుండవు.

హోస్ట్: స్క్రబ్ టైఫస్ జ్వరానికీ ఇలాంటి బృందాలు వస్తాయా?

అతిథి: రావండీ. దోమలు, ఈగల్లాంటి వాటి వల్ల వచ్చే జబ్బుల జాతీయ కార్యక్రమంలో ఉన్నవి ఆరే: మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, మెదడువాపు, బోదకాలు, కాలా అజార్. స్క్రబ్‌ది దోమ కాదు. మిరప చేలో తెల్లనల్లి చూస్తారే, ఆ కోవలోని పురుగు పిల్ల కుడితే వస్తుంది. గడ్డిలో, పొదల్లో ఉంటుంది. పెద్దవాళ్లకు డాక్టర్లు మామూలుగా రాసేది డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, వారం రోజులు. చౌక మందే, ఆలస్యమైతేనే ప్రాణం మీదికొస్తుంది. చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతకాలి. అది అందరికీ కనిపించదు. ఉన్నా నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు, డాక్టరే చొక్కా విప్పించి చూడాలి.