తుపాకీ సరే, ఊడిన ట్రాక్ ఎవరు ఎక్కిస్తారు? మనుషుల్లేని యుద్ధ వాహనాల రేపటి సంగతి

హోస్ట్: నమస్కారం. డ్రోన్లు గాల్లో ఇంత వేగంగా దూసుకుపోయాయి కదా, నేల మీద నడిచే మనుషుల్లేని యుద్ధ వాహనాలు మాత్రం ఎందుకు వెనకబడ్డాయి? అక్కడి నుంచే మొదలుపెడదాం మేడమ్.

అతిథి: గాల్లో అడ్డం తక్కువండి. నేల మీద గొయ్యి, బురద, ముళ్లకంచె, కూలిన గోడ, అన్నీ అడ్డమే. దానికి తోడు ఇంకో సంగతి ఉంది. ట్యాంకులో ఉన్న ముగ్గురు నలుగురు నడపడం, కాల్చడం మాత్రమే చేయరు. తుపాకీ ఇరుక్కుంటే సరిచేస్తారు, అద్దం మీద బురద తుడుస్తారు, ఊడిన ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టీ, మళ్లీ ఎక్కిస్తారు, తల బయటపెట్టి చుట్టూ చూస్తారు. వాళ్లను దింపేశాక ఈ చిల్లర పనులు ఎవరు చేయాలన్నదే అసలు చిక్కు. బండి మీద తుపాకీ బిగించడం అన్నిటికంటే తేలిక.

హోస్ట్: రష్యా వాళ్ల మనుషుల్లేని యుద్ధ వాహనం ఉరాన్-9 అక్కడే దెబ్బతిందంటారా?

అతిథి: సరిగ్గా అక్కడే. 30 మిల్లీమీటర్ల ఫిరంగి, ట్యాంకుల్ని కొట్టే అటాకా క్షిపణులు, కాగితం మీద భయంకరమైన బండి. సిరియాలో పరీక్షించాక 2018లో రష్యా సైనిక నిపుణులే లోపాలు బయటపెట్టారు. ఇళ్ల మధ్య 300 నుంచి 500 మీటర్లు దాటితే అదుపు నిలవలేదు. ఆపరేటర్‌కూ బండికీ మధ్య రేడియో లింక్ నిమిషం దాకా పోయిన సందర్భాలు 17, గంటన్నర దాకా పోయినవి 2. ఫిరంగి ఆరుసార్లు ఆలస్యంగా పేలింది, ఒకసారి మొరాయించింది. ఆరు కిలోమీటర్లు చూడాల్సిన కెమెరా వ్యవస్థ రెండు దాటి గుర్తుపట్టలేకపోయింది. ట్రాక్ కింద రోలర్లు అరిగి, మధ్యలో రిపేరు చేయాల్సి వచ్చింది. ఇందాక చెప్పిన చిల్లర పనుల జాబితా మొత్తం ఇందులో కనబడుతుంది.

హోస్ట్: లింక్ సంగతి కాస్త విడమరిచి చెప్పండి. పవర్ పెంచితే సరిపోదా?

అతిథి: సరిపోదు. రేడియో తరంగం సన్నటి గీతలా పోదండి, రెండు యాంటెన్నాల మధ్య నడిమిన ఉబ్బి ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ మీద కిలోమీటరు దూరానికి నడిమిన ఆ ఉబ్బు వ్యాసార్థం సుమారు 5.6 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే మూడున్నర మీటర్ల దాకా ఖాళీ ఉండాలి. బండి యాంటెన్నా ఎత్తు మీటరున్నర. చెట్టూ గోడా లేకపోయినా నేలే అడ్డొస్తోందన్నమాట. పవర్ పెంచితే జరిగేది ఒకటే, శత్రువుకు మీ చోటు ఇంకా తేలిగ్గా దొరుకుతుంది.

హోస్ట్: మరి దారి?

అతిథి: యాంటెన్నాను పైకి లేపాలి. పైన ఒక డ్రోన్ నిలబెట్టి దాని ద్వారా సిగ్నల్ పంపడం ఒక పద్ధతి. తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగితే చెట్ల మధ్య కొంత మెరుగు, కానీ వీడియో నాణ్యత పడిపోతుంది. శాటిలైట్ టెర్మినల్ పెడితే కొండచాటు బాధ ఉండదు, దాని పళ్లెం మీద మట్టి పడకుండా, పైన ఆకాశం కనబడేలా చూసుకోవాలి. ఇక ఫైబర్ కేబుల్. దాన్ని జామ్ చేయలేరు, అంటే శత్రువు రేడియో గోలతో అడ్డుకోలేడు. కేబుల్ చుట్టిన రీలు బండి మీదే ఉండాలి, కేబుల్ వెనక్కి వదులుతూ పోవాలి తప్ప లాక్కుంటూ పోకూడదు. వచ్చిన దారినే వెనక్కి వస్తే మాత్రం అదే కేబుల్ పళ్లచక్రంలో చుట్టుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తీగతో నడిపిన చిన్న పేలుడు బండి గోలియత్‌ది కూడా ఇదే బాధ. మొదటి రకం 60 కిలోల పేలుడు పదార్థం మోసుకుపోయేది, తీగ తెగితే ఉన్నచోటే ఆగిపోయేది.

హోస్ట్: లింక్ పోయిన క్షణంలో బండి ఏం చేయాలి?

అతిథి: ఇది ముందే రాసిపెట్టుకోవాల్సిన పని. లింక్ పోయిన వెంటనే ఆయుధం సేఫ్‌లోకి, అంటే పేలని స్థితిలోకి వెళ్లాలి, ఇందులో రాజీ లేదు. ఒకటి రెండు సెకన్లలో బండి ఆగాలి. నిమిషంలోపు లింక్ రాకపోతే వచ్చిన దారి గుర్తుపెట్టుకుని వెనక్కి రావాలి. జీపీఎస్ జామ్ అయి ఉంటుంది కాబట్టి చక్రాల లెక్క, మలుపులు పసిగట్టే జైరో, కెమెరా కలిపి దారి పట్టాలి. బురదలో ట్రాక్ పది శాతం జారిందనుకోండి, కిలోమీటరుకు వంద మీటర్ల తేడా వచ్చేస్తుంది. అందుకే చక్రాల లెక్క ఒక్కదాన్నే నమ్మకూడదు.

హోస్ట్: వీడియో ఆలస్యం కూడా సమస్యేనా?

అతిథి: గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. చిత్రం 0.3 సెకను ఆలస్యమైతే, గొయ్యి కనబడేటప్పటికే బండి మీటరున్నర పైచిలుకు ముందుకెళ్లిపోయి ఉంటుంది. అందుకని ఆలస్యం పెరిగితే వేగం దానంతటదే తగ్గేలా సాఫ్ట్‌వేర్‌లోనే కట్టడి పెట్టాలి. డ్రైవర్ జాగ్రత్త మీద వదలకూడదు.

హోస్ట్: తుపాకీ ఇరుక్కోవడం అన్నారు...

అతిథి: ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బ్రౌనింగ్ 12.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్ నిమిషానికి 450 నుంచి 600 తూటాలు కాలుస్తుంది. వంద తూటాల బెల్టు ఆపకుండా కాలిస్తే పన్నెండు సెకన్ల పని. తర్వాత బండి వెనక్కి రావాల్సిందే. ఒక్క తూటా పేలకపోయినా తుపాకీ ఆగిపోతుంది, ఎందుకంటే తర్వాతి తూటా ఎక్కించే బలం ముందు తూటా పేలుడు నుంచే రావాలి. తూటాను లోపలికి నెట్టే తుపాకీ బోల్టును మోటారుతో వెనక్కి లాగే ఏర్పాటు ఉంటే ఆ తూటా బయటపడుతుంది. తూటా తొడుగు చిరిగి గొట్టంలో ఇరుక్కుంటే మోటారు కూడా ఏమీ చేయలేదు, చెయ్యి పెట్టాల్సిందే. బుష్‌మాస్టర్ లాంటి చైన్ గన్ తిరిగేది ఎలక్ట్రిక్ మోటారుతో, పేలని తూటాను అదే బయటికి నెట్టేస్తుంది. మనిషి లేని బండికి నేనైతే అలాంటిదే ఎంచుకుంటాను. ఉరాన్-9లోని 2ఏ72 ఫిరంగి మాత్రం తన సొంత వెనక్కి తన్నే బలం మీద నడిచే రకం.

హోస్ట్: ఉక్రెయిన్ ఏం నేర్పింది?

అతిథి: ఈ బళ్లు ఎక్కువగా మోసింది సరుకు, గాయపడినవాళ్లను. పది టన్నుల ఉరాన్ కంటే, 300 కిలోలు మోసే టెర్మిట్ లాంటి చిన్న బళ్లే అక్కడ ముందుకొచ్చాయి. దాని మీద మెషిన్‌గన్ పెడితే యుద్ధ వాహనం, స్ట్రెచర్ పెడితే అంబులెన్స్. 2024 డిసెంబరులో ఖార్కివ్ దగ్గర లిప్త్సీ వద్ద ఖార్తియా బ్రిగేడ్ నేల రోబోలు, డ్రోన్లతోనే దాడి చేసింది. 2025 జులైలో రోబోలు, డ్రోన్లతోనే శత్రు సైనికుల్ని లొంగదీసుకున్నామని 3వ అసాల్ట్ బ్రిగేడ్ ప్రకటించింది. ఇటు అమెరికా అదే ఏడాది తన రోబో యుద్ధ వాహనాల (ఆర్‌సీవీ) కార్యక్రమాన్ని ఆపేసింది. పెద్ద బండి ముందు, చిన్నది తర్వాత అన్న వరస తలకిందులైంది.

హోస్ట్: బ్యాటరీ సరిపోతుందా?

అతిథి: లెక్క వేద్దాం. సరుకుతో కలిపి 500 కిలోల బండి. గట్టి రోడ్డు మీద కిలోమీటరుకు సుమారు 100 వాట్-అవర్లు. మెత్తటి బురదలో 230 దాకా పోతుంది. ఉక్రెయిన్‌దీ నల్లమట్టే, వానాకాలం మన రేగడిలో ట్రాక్టర్ దిగబడినట్టే దిగబడుతుంది. పది కిలోమీటర్ల పనికి 2.3 యూనిట్లు (కిలోవాట్-అవర్లు), చలికి తగ్గేది కలుపుకుని మూడున్నర పెట్టుకోవడం మంచిది. మోటారు కంట్రోలర్ వేడెక్కి ఆగిపోయేది కూడా బురదలోనే.

హోస్ట్: ఆగిపోయిన బండిని తెచ్చేదెలా?

అతిథి: ముందూ వెనకా లాగే కొక్కేలు ఉండాలి. ఇంకో రోబో వించ్‌తో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో వచ్చి తగిలించుకోగలగాలి. చాలా డిజైన్లలో కరెంటు పోగానే బ్రేకులు పట్టేస్తాయి. వాలు మీద అది మంచిదే, లాగేటప్పుడు మాత్రం చక్రాలు తిరగవు. బ్రేకు వదిలే లివర్‌ను బయటి నుంచి కొక్కెంతో లాగేలా పెట్టాలి. కింద ప్లేటు నాలుగు బోల్టులు విప్పితేగానీ అందని చోట పెడితే, ఆ బండి శత్రువు డ్రోన్‌కు వదిలేసినట్టే.

హోస్ట్: మన దేశంలో?

అతిథి: డీఆర్‌డీవో 2017లో చెన్నై దగ్గర ఆవడిలోని తన యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ సీవీఆర్‌డీఈ ద్వారా ముంత్ర అనే బండి చూపించింది. నిఘాకు ఒకటి, మందుపాతరలు పసిగట్టడానికి ఒకటి, అణు ధార్మికత ఉన్న చోట్లకు ఒకటి, ఇలా మూడు రకాలు. పునాది బీఎంపీ-2, అంటే సైనికుల్ని మోసుకెళ్లే కవచ వాహనం. దాన్నే సారథ్ పేరుతో మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీ తయారుచేసింది. పాత బీఎంపీలను ఇలా మార్చడంలో ఒక లాభం, విడిభాగాలకు వెతుక్కోనక్కర్లేదు. నష్టమూ ఉంది. 14 టన్నుల బండి ఆగిపోతే చిన్న రోబో లాగలేదు, రికవరీ వాహనంలో మళ్లీ మనుషులే వెళ్లాలి.

హోస్ట్: కాల్చే నిర్ణయం యంత్రానికి వదిలేస్తారా?

అతిథి: నడక వదలొచ్చు, దారి వెతుక్కోవడం వదలొచ్చు. ట్రిగ్గర్ వదలకూడదు. స్వయంచాలిత ఆయుధాల మీద అమెరికా రక్షణ శాఖ ఇచ్చిన 3000.09 ఆదేశం కూడా బలప్రయోగంలో తగినంత మానవ విచక్షణ ఉండాలనే అంటుంది. చేతులెత్తినవాణ్ణి, గాయపడి పాకుతున్నవాణ్ణి వేడిని బట్టి కనబడే మసక థర్మల్ చిత్రంలో మనిషికే గుర్తుపట్టడం కష్టం. చిత్రం సెకను పాతదైతే ఇంకా కష్టం. అందుకే స్క్రీన్ మీద చిత్రం ఎంత పాతదో అంకె చూపించాలి, హద్దు దాటితే ట్రిగ్గర్ పనిచేయకూడదు.

హోస్ట్: రాబోయే ట్రయల్స్‌లో దేన్ని చూడాలి?

అతిథి: ఒక ఆపరేటర్ ఎన్ని బళ్లు చూసుకోగలడో చూడండి. ఆర్‌సీవీ ప్రయోగాల్లో ఒక్కో బండికి నడిపేవాడొకడు, కాల్చేవాడొకడు ఉండేవారు. అంటే మనుషులు తగ్గలేదు, చోటు మారారంతే. ఇద్దరు కలిసి నాలుగు బళ్లు నడిపిన రోజు లెక్క మారుతుంది. జామర్లు ఆన్ చేసి, వాన పడ్డాక, రాత్రిపూట ట్రయల్ చేశారా అన్నది కూడా అడగండి. ఎండిన మైదానంలో పట్టపగలు తీసిన వీడియోలో ఇవేవీ తెలియవు.