పన్ను అరగదీసే ముందు ఇంకో డాక్టర్‌కి చూపించండి

యాంకర్: నమస్తే. పళ్ల వైద్యంలోకి వచ్చిన కొత్త యంత్రాల మీద మీ సందేహాలకు డాక్టర్‌గారు జవాబులు చెబుతారు. మొదటి కాల్ వనస్థలిపురం నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. మాది మునుగోడు దగ్గర ఊరు. పిల్లల చదువుల కోసం పన్నెండేళ్ల కింద ఇక్కడికొచ్చాం. పెద్దమ్మాయికి ఇప్పుడు ఇరవై నాలుగు. పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటుంది. సంబంధాలు చూస్తున్నాం. మొన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే పెన్నులాంటిది నోట్లో తిప్పి స్కాన్ చేశారు. కంప్యూటర్‌లో తెల్లటి పళ్లతో పాప నవ్వుతున్న ఫొటో చూపించారు. అది చూసి పాప ఏడ్చేసింది మేడమ్. పది పళ్లు అరగదీసి పైన వెనీర్లు, అంటే పల్చటి తెల్లటి పెంకులు, అతికించాలంటున్నారు. చేయించమంటారా?

డాక్టర్: అన్నా, ముందు రెండు ప్రశ్నలు. చిన్నప్పుడు ఏ నీళ్లు తాగింది? పళ్ల మీద గోరుతో రాస్తే గుంటలు తగులుతాయా, నున్నగా ఉంటాయా?

కాలర్: బోరు నీళ్లే మేడమ్. పన్ను మాత్రం నున్నగానే ఉంటుంది.

డాక్టర్: అయితే ఇది ఫ్లోరైడ్ మరకే కావచ్చు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ నల్లగొండ వైపు చాలా బోర్లలో అంతకంటే ఎక్కువ ఉండేది. పిల్లలకు ఎనిమిదేళ్ల లోపు, పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఆ నీళ్ల ప్రభావం ఎనామిల్ మీద, అంటే పంటి పైనుండే గట్టి పొర మీద పడుతుంది. అంటే పాప బ్రష్ చేయక వచ్చిన మరక కాదు. ఈ మాట పాపకు తప్పకుండా చెప్పండి. చాలామంది ఆడపిల్లలు తమ తప్పేదో ఉందనుకుని లోపల్లోపలే నలిగిపోతారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎందరినో చూశాను.

ఇక స్కానర్ సంగతి. అది మంచి యంత్రం. వెనకటిలా నోటినిండా ముద్ద పెట్టి అచ్చు తీస్తే వాంతి వచ్చినట్టుండేది, ఇప్పుడు ఆ బాధ తప్పింది. కానీ తెర మీద ఆ నవ్వు మనం కోరుకునే బొమ్మ. పాప పన్ను ఎంత గట్టిగా ఉంది, మరక ఎంత లోతుకు దిగింది అన్నది ఆ బొమ్మ చెప్పదు. పది పళ్లు అరగదీస్తే ఆ ఎనామిల్ మళ్లీ పెరగదు. వెనీర్లు కూడా ఒకసారి పెడితే జీవితాంతం ఉండేవి కావు. పదీ పదిహేనేళ్లకు మార్చాల్సి రావచ్చు. ఇరవై నాలుగేళ్ల పిల్లకు ఇంకా ఎన్నిసార్లు మార్చాలో లెక్కేసుకోండి.

పైపై మరకైతే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పై పొరను వెంట్రుకవాసిలో పాలిష్ చేసే మైక్రో అబ్రేషన్, తర్వాత మందుతో పళ్లను తెల్లబరిచే బ్లీచింగ్, తెల్ల మచ్చల్లోకి రెజిన్ అనే పల్చటి జిగురులాంటిది ఇంకించడం. పూర్తిగా పోకపోయినా చాలావరకు తగ్గుతాయి. అవి సరిపోకపోతే, గుంటలు లోతుగా ఉంటే అప్పుడు వెనీర్ల మాట.

కాలర్: ఒక్క నిమిషం మేడమ్, పాప మాట్లాడతానంటోంది.

కాలర్ కూతురు: నమస్తే మేడమ్. బ్లీచింగ్ చేస్తే నొప్పి పుడుతుందా?

డాక్టర్: చల్లటి నీళ్లు తాగితే కొన్ని రోజులు జివ్వుమంటుంది తల్లీ, తర్వాత తగ్గిపోతుంది. ఇంకో డాక్టర్‌కి కూడా చూపించు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది కదా, అక్కడికి వెళ్లొచ్చు. తొందరపడి ఎక్కడా డబ్బు కట్టకు.

కాలర్ కూతురు: మా తమ్ముడు ఇక్కడికి వచ్చాకే పుట్టాడు మేడమ్, వాడి పళ్లు తెల్లగా ఉన్నాయి.

డాక్టర్: చూశావా, తేడా నీళ్లది. నీది కాదు.

యాంకర్: తర్వాత కూకట్‌పల్లి నుంచి.

కాలర్: మా అమ్మకు అరవై మూడేళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను పీకించాం. ఇంప్లాంట్, అంటే ఎముకలో స్క్రూ దింపి దాని మీద పెట్టే పన్ను, వేయాలంటే ముందు సీబీసీటీ స్కాన్, అదే దవడను త్రీడీలో చూపే స్కాన్, తీయాలన్నారు. మామూలు ఎక్స్‌రే ఉంది కదా, డబ్బుల కోసం చెప్తున్నారేమో అని అనుమానం.

డాక్టర్: అనుమానం రావడం తప్పుకాదు, కానీ ఇక్కడ స్కాన్ అవసరమే. మామూలు ఎక్స్‌రే పొడవు, ఎత్తు చూపిస్తుంది కానీ ఎముక మందం చూపించదు. కింది దవడ ఎముక లోపల ఒక నరం పోతుంది, పెదవికీ గడ్డానికీ స్పర్శ దానివల్లే. స్క్రూ దానికి తగిలితే పెదవి మొద్దుబారిపోవచ్చు. నరం ఎంత దూరంలో ఉందో స్కాన్‌లో మిల్లీమీటర్లలో కనపడుతుంది.

స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి మనిషి దవడలో టైటానియం స్క్రూలు వేశారు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి. స్క్రూకి ఎముక అతుక్కోవడమే అసలు రహస్యం. అందుకు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. షుగర్ అదుపులో లేకపోతే అతుక్కోవడం కష్టం. కాబట్టి స్కాన్ కంటే ముందు అమ్మగారికి గత మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్, అదే హెచ్‌బీఏ1సీ, చేయించండి. ఎక్కువుంటే తగ్గించుకున్నాకే వేయించండి. ఇంకో మాట, స్కాన్ ఫైలు మీది. అడిగి తీసుకోండి, వేరే డాక్టర్‌కి చూపించాల్సి వస్తే మళ్లీ తీయించే పనుండదు.

యాంకర్: ఆఖరి కాల్, ఉప్పల్.

కాలర్: మేడమ్, నాకు ఐదో నెల. పిప్పి పన్ను సలుపుతోంది, రాత్రి నిద్ర లేదు. ఎక్స్‌రే అంటే భయంగా ఉంది.

డాక్టర్: అమ్మా, ఇప్పుడు పంటికి తీసే డిజిటల్ ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ. చుట్టూ ఉన్న నేల, గాలి నుంచి మనకు ఒక రోజులో తగిలేదాని కంటే ఎక్కువేం కాదు. అదీ పంటి దగ్గరే. కడుపుతో ఉన్నానని ముందే చెప్పండి, అవసరమైతేనే తీస్తారు. చీము పట్టిందంటే మాత్రం కాన్పు దాకా ఆగకండి. ఇలాంటి చికిత్సకు మీ ఐదో నెల మంచి సమయమే. మాత్రలు సొంతంగా కొని వేసుకోకండి, మీ గైనకాలజిస్ట్‌తో ఒక మాట మాట్లాడి రేపు పొద్దున్నే క్లినిక్‌కి వెళ్లండి.

కాలర్: రేపు ఆదివారం మేడమ్.

డాక్టర్: అయితే ఈ రోజు సాయంత్రమే వెళ్లండమ్మా.