పంటి గుజ్జుకు కాపలా

శ్రోతలకు నమస్కారం.

పుచ్చిన పన్నును డాక్టరు తొలిచి శుభ్రం చేస్తున్నప్పుడు, పుచ్చు బాగా లోతుకు దిగి ఉంటే, అడుగున ఎర్రటి చుక్క ఒకటి కనిపించవచ్చు. అదే పంటి గుజ్జు. డాక్టర్లు పల్ప్ అంటారు. నరాలు, రక్తనాళాలు ఉండేది అందులోనే. మనల్ని జివ్వుమనిపించేదీ అదే, పంటిని బతికించేదీ అదే. చెడిపోయిందంటే రూట్ కెనాల్ తప్పదు. ఇంకా ఆరోగ్యంగా ఉంటే మాత్రం పైన ఒక మందు పూసి మూసేస్తారు. దాని కింద పల్ప్ తనే మెల్లగా డెంటిన్‌తో, అంటే పంటి పైపొర కింద ఉండే గట్టి పదార్థంతో, గోడ కట్టుకుంటుంది.

ఇంతకీ పల్ప్‌ను చంపేది గాయమా, క్రిములా? 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు దీన్ని ఎలుకల్లో తేల్చారు. క్రిములు బొత్తిగా లేని చోట పెంచిన ఎలుకల పళ్లకు రంధ్రం చేసి, ఏ మందూ పూయకుండా వదిలేశారు. గాయం మానింది, గోడా కట్టింది. మామూలు ఎలుకల్లో మాత్రం పల్ప్ కుళ్లిపోయింది. అంటే మనం పూసే మందుకు క్రిముల్ని చంపే సత్తా ఉందో లేదో చూడాల్సిందే.

చూడటానికి పాత పద్ధతి ఒకటుంది. పెట్రీ పళ్లెంలో ఆగార్, అంటే క్రిముల్ని పెంచే జెల్లీ, పోసి, దాని మీద పుచ్చుకు పేరుమోసిన స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్‌ను పరుస్తారు. చిన్న గుంతలు తీసి వాటిలో మందు నింపి, 37 డిగ్రీల వెచ్చదనంలో 24 గంటలు ఉంచుతారు. గుంత చుట్టూ క్రిములు పెరగని వలయం ఏర్పడితే దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఫొటోకూ బాగుంటుంది. నాకైతే ఆ వలయం మీద అంత నమ్మకం లేదు.

ఎందుకంటే అది కొలిచేది మందు బలాన్ని ఒక్కదాన్నే కాదు, ఆగార్‌లో ఎంత దూరం పాకగలదన్నది కూడా. పల్ప్ మీద పూసే మందుల్లో ఒకటైన కాల్షియం హైడ్రాక్సైడ్ సంగతి చూడండి. మనకు తెలిసిన తడిసున్నమే అది. దాని పీహెచ్ దాదాపు 12.5. అంత క్షారాన్ని తట్టుకునే క్రిములు తక్కువ. కానీ ఆ క్షారాన్ని ఆగారే కొంత మింగేస్తుంది, వలయం చిన్నదవుతుంది. పల్ప్ మీద పూసే ఇంకో మందు, ఎంటీఏ లాంటి సిమెంట్లయితే గట్టిపడ్డాక ఇంకా తక్కువ పాకుతాయి. పైగా వలయంలోని క్రిములు చచ్చాయో, పెరగడం మాత్రమే ఆపాయో కంటితో చెప్పలేం. అక్కడి నుంచి కాస్త తీసి కొత్త పళ్లెంలో వేసి చూడాలి.

అందుకే క్రిముల్ని మందుకు నేరుగా తాకించి, కాసేపయ్యాక ఎన్ని బతికాయో లెక్కపెట్టే పద్ధతి మేలు. అప్పుడే కలిపిన మందును, గట్టిపడిన మందును విడివిడిగా చూడాలి. రెండింటి ఫలితం ఒకటి కాదు.

చంపడం ఒక్కటే చాలదు కూడా. యూజినాల్, అంటే లవంగ నూనెలోని ఘాటు, కలిసిన సిమెంటు క్రిముల్ని బాగానే అణుస్తుంది. బయటపడ్డ పల్ప్‌ను తాకితే మాత్రం దానికీ వాపు తెప్పిస్తుంది.

ఇంకో చిక్కుంది. పళ్లెంలో డెంటిన్ ఉండదు, నోట్లో ఉంటుంది. పరీక్షనాళికలో కాస్త డెంటిన్ పొడి కలిపి చూస్తే, మొండి క్రిమి ఎంటరోకోకస్ ఫీకాలిస్ మీద కాల్షియం హైడ్రాక్సైడ్ దెబ్బ బాగా తగ్గిపోతుంది. ఆ క్షారాన్ని డెంటినే పీల్చుకుంటుంది మరి.

సెలవు.