విసిరితేనే రీలోడ్: టెడియోర్ పంచాయితీ

చిన్నా: రికార్డవుతోంది కదా? సరే. ఇవాళ్టి సంగతి బోర్డర్‌ల్యాండ్స్ 4 అనే వీడియో గేమ్‌లో లైసెన్స్‌డ్ పార్టులు. ఒక కంపెనీ తుపాకీకి ఇంకో కంపెనీ సామాను తగిలిస్తే ఏమవుతుందని.

బావ: అయితే జేకబ్స్ కంపెనీతో మొదలెడదాం.

చిన్నా: గంట కొట్టండయ్యా! జేకబ్స్ పేరెత్తితే గంటన్నాంగా, ఇరవై సెకన్లు కూడా కాలేదు.

బావ: కొట్టుకోండి. 2025లో వచ్చిన ఆ నాలుగో ఆటలో తుపాకులు చేసే కంపెనీలు ఎనిమిది. హైపీరియన్ సొంతంగా తుపాకీ చెయ్యదు, దాని షీల్డు మాత్రం పక్కోడి తుపాకీ మీద కూర్చుంటుంది. జేకబ్స్ పార్టు పడిందనుకో, క్రిటికల్‌గా, అంటే శత్రువు ఆయువుపట్టులో తగిలిన గుండు ఎగిరి పక్కవాడికి తగులుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?

చిన్నా: టెడియోర్ కంపెనీ తుపాకీ కావాలి.

బావ: ఆ చెత్త తుపాకా? రీలోడ్ నొక్కితే చేతిలోది విసిరేస్తుంది. ఏ బుద్ధిమంతుడైనా తుపాకీ విసురుకుంటాడా?

చిన్నా: చెత్తంటే ఊరుకోను. మొదటి ఆటలో, అంటే 2009లో, త్వరగా రీలోడయ్యే చవక తుపాకీ అంతే. 2012లో రెండో ఆటలో మొత్తం మార్చేశారు. విసిరిన తుపాకీ గ్రెనేడ్‌లా పేలుతుంది, కొత్తది చేతిలోనే డిజిస్ట్రక్ట్ అవుతుంది, అంటే దానంతటదే తయారవుతుంది. విసిరినదాంట్లో మిగిలిన గుళ్లే మందు. ఎన్ని మిగిలితే అంత పెద్ద పేలుడు.

బావ: అంటే గుళ్లు కాల్చకుండా పారేయడమేగా!

చిన్నా: లెక్క వేద్దాం. మ్యాగజైన్‌లో 30 ఉన్నాయనుకో, జేబులో 300. మ్యాగజైన్ నిండా ఉంటే రీలోడ్ అవదు, అందుకని ముందు ఒక్కటి కాల్చాలి. ఇప్పుడు నొక్కితే 29 గుళ్ల పేలుడు. కొత్త తుపాకీకి జేబులోంచి 30 పోతాయి. పది విసుర్లకు జేబు ఖాళీ.

బావ: చూశావా! పది విసుర్లకే బికారివి. అదే జేకబ్స్ అయితే...

చిన్నా: అందరూ చేసే పొరపాటు అదే బావా. మ్యాగజైన్ మొత్తం కాల్చి, అలవాటు కొద్దీ రీలోడ్ కొడతారు. ఖాళీ తుపాకీ వెళ్లి ఠప్‌మని పడుతుంది. అప్పుడు టెడియోర్ వేస్టని తిడతారు. నాలుగు గుళ్లు మాత్రం మిగిల్చి విసిరావా, అది తుపాకీ. ఒకటి కాల్చి విసిరావా, అది బాంబు. గుళ్లు ఎప్పుడు ఖర్చు పెట్టాలన్నది నీ నిర్ణయం.

బావ: సరే, మ్యాగజైన్ పెద్దదైతే?

చిన్నా: భలే అడిగావు. పేలుడు పెద్దది, కానీ విసురుకి ఖర్చూ పెద్దదే. రెండో ఆటలో బ్యాండిట్ కంపెనీ గ్రిప్, అంటే పిడి, మ్యాగజైన్ పెంచుతుంది. గుంపు మీదికైతే అది మంచిదే. నిప్పులాంటి ఎలిమెంట్ ఉన్న తుపాకీ అయితే పేలుడుకీ అదే ఎలిమెంట్. నిప్పు తుపాకీ నిప్పుగానే పేలుతుంది. గ్రెనేడ్‌లా వంపు తిరిగి పడుతుంది కాబట్టి దూరంగా ఉన్నవాడికి కాస్త పైకి గురిపెట్టాలి.

బావ: ఎలిమెంట్ లేకుండానే జేకబ్స్...

చిన్నా: గంట!

బావ: (నవ్వు) సరే సరే. కానీ ఒకటి చెప్పు. రెండో ఆటలో గేజ్ అనే పాత్రతో ఆడేవాళ్లు టెడియోర్ పడితే ఏమవుతుంది?

చిన్నా: అబ్బా. అది కష్టమే.

బావ: చెప్పు మరి. జనాలకి తెలియాలి కదా.

చిన్నా: గేజ్‌కి అనార్కీ అనే స్కిల్ ఉంటే, చంపిన ప్రతిసారీ, మ్యాగజైన్ పూర్తిగా ఖాళీ అయినప్పుడూ ఒక స్టాక్ పెరుగుతుంది. స్టాక్‌కి డ్యామేజ్ 1.75 శాతం పెరిగి, గురి అంతే తగ్గుతుంది. మామూలుగా 150 దాకా, ప్రీష్రంక్ సైబర్‌పంక్ అనే ఇంకో స్కిల్‌కి ఐదు పాయింట్లు పెడితే 400. కానీ గుళ్లు మిగిలుండగా రీలోడ్ కొడితే స్టాకులన్నీ సున్నా.

బావ: టెడియోర్ పద్ధతే గుళ్లు మిగిలుండగా రీలోడ్ కొట్టడం!

చిన్నా: ఔను. ఒప్పుకుంటున్నా. గేజ్ చేతిలో టెడియోర్ పెట్టొద్దు. 400 స్టాకులు ఒక్క బటన్‌తో గాలిలో కలుస్తాయి.

బావ: ఆహా! మొత్తానికి ఒప్పుకున్నావు. దీన్ని కత్తిరించి ప్రోమోగా పెడదాం.

చిన్నా: పెట్టుకో. మిగతావాళ్ల చేతికి మాత్రం గనెరాంగ్ ఇస్తా. విసిరితే శత్రువుని తాకి బూమరాంగ్‌లా వెనక్కొచ్చే పిస్టల్. బేబీమేకర్ విసిరితే పేలి, పిల్ల తుపాకీ పుట్టి అదీ పేలుతుంది. డెలివరెన్స్ షాట్‌గన్ శత్రువుని వెంటాడుతూ గాల్లోనే కాలుస్తుంది. మూడో ఆటలో కొన్నిటికి కాళ్లొచ్చాయి, నడుచుకుంటూ పోయి కాలుస్తాయి.

బావ: కాళ్లున్న తుపాకీయా? ఇంకా నయం!

చిన్నా: నవ్వకు బావా. లైసెన్స్‌డ్ పార్టులకి ఇంకా సగం దారి కూడా పోలేదు.

బావ: పోయాంగా. హైపీరియన్ షీల్డు, జేకబ్స్ గుండు, ఇంకేం మిగిలింది?

చిన్నా: టెడియోర్ తుపాకీకి జేకబ్స్ పార్టు పడితే? క్రిటికల్స్ కొడుతూ నాలుగో వంతు మిగలగానే విసిరేస్తే?

బావ: (కాసేపు మౌనం) జేకబ్స్ పార్టున్న తుపాకీని విసురుతావా?

చిన్నా: విసురుతా.

బావ: ఇక నీతో నాకు మాటల్లేవు పో.